రేవు లేని నేలకు రేవు

(కరీంనగర్‌లో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆయన్ను ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. డిగ్రీ కాలేజీలో ఆయన దగ్గర ఎకనామిక్స్ చదివినవాళ్లకూ, చదవనివాళ్లకూ ఆయన సారే. ఈ పూట నేనూ అలాగే అంటాను. విషయం నన్నే ఎంచుకోమన్నారు నిర్వాహకులు. శంషాబాద్ విమానాశ్రయం గురించి మాట్లాడతానంటే ఒకరిద్దరు మొహమాటంగా నవ్వారు. సార్ రైతుల గురించి, నేతగాళ్ల గురించి మాట్లాడిన మనిషి కదా, ఆయన పేరిట విమానాల ముచ్చటేమిటని వాళ్ల సందేహం. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఆ విమానాశ్రయం గేటు దగ్గర ఎవరో ఒకరిని సాగనంపి రాని ఇల్లు ఎవరిదైనా ఉంటే చెయ్యెత్తండి. సరే, ఒకటో రెండో లేచాయి. నా ఎంపికకు అదే సమాధానం.

సార్ ఏ పథకం గురించి పాఠం చెప్పినా బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసేవారు. ఒకవైపు ‘కట్టేది ఎవరు’, రెండోవైపు ‘దక్కేది ఎవరికి’. రెండు వైపులా ఒకే పేరు వస్తే అది బేరం, వేర్వేరు పేర్లు వస్తే అది రాజకీయం అనేవారు. నేను ఆ గీత పట్టుకునే మాట్లాడతాను. అయితే శంషాబాద్‌కు పోయే ముందు కొంచెం వెనక్కి, మచిలీపట్నం దాకా వెళ్లి రావాలి.

హైదరాబాదుకు సముద్రం లేదన్నది భూగోళం రాసిపెట్టిన సంగతి అనుకుంటాం. అది చరిత్ర చేసిన పని. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నం ఉండేది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు అక్కడ దిగింది గోల్కొండ సరుకు కోసమే. కొల్లూరు వజ్రాలు, అద్దకం బట్టలు, నీలిమందు ఆ రేవు మీదుగా వెళ్లేవి. సుల్తాను కొలువులో ఉన్న మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి. మనకు దగ్గరి సంగతి ఒకటి చెబుతాను. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పెర్షియా దాకా వెళ్లి కత్తులయ్యేవి. 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే ఇంగ్లిషు భూగర్భ పరిశోధకుడు ఆ ఊరికి వెళ్తే, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటూ కనిపించాడు. ఉత్తర తెలంగాణకూ సముద్రానికి ఆవల ఉన్న గల్ఫ్ ఒడ్డుకూ మధ్య దారి 1970లలో కొత్తగా పడిందనుకుంటే పొరపాటు. కమ్మర్‌పల్లి నుంచి అప్పుడు ఉక్కు వెళ్లింది, ఇప్పుడు మనుషులు వెళ్తున్నారు.

1766లో ఉత్తర సర్కార్లు, 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లిషు కంపెనీ పరమయ్యాయి. అక్కడితో నిజాం రాజ్యానికి తీరం లేకుండా పోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చాక సరుకు బొంబాయి దారి పట్టింది. 1889 నాటికి బెజవాడ లైను కూడా కలిసింది. ఏ దారిన పోయినా చివర ఉన్న రేవు పరాయిదే. ఈ లోటు నిజాం ప్రభుత్వాన్ని చివరిదాకా కుడుతూనే ఉంది. 1940లలో గోవాలోని మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో మంతనాలు సాగించింది కూడా. అవి తేలలేదు.

ఈ నేపథ్యంలో చూస్తే, 1930లలో ఏడో నిజాం బేగంపేటలోనూ వరంగల్ పక్కన మామునూరులోనూ రన్‌వేలు వేయించడం నవాబుగారి సరదాగా అనిపించదు. ఆ రాజ్యంలో రైళ్లు, బస్సులు, విమానాలు అన్నీ నిజాం స్టేట్ రైల్వే గొడుగు కిందే నడిచాయి. 1932లో 27 బస్సులతో మొదలై తర్వాత ఆర్టీసీ అయినదీ ఆ రైల్వే పెట్టిన శాఖే. 1945లో టాటాలతో కలిసి నిజాం ప్రభుత్వం డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. పెద్ద వాటా నిజాముదే. డకోటా విమానాలు బేగంపేట నుంచి బెంగుళూరు, మద్రాసు, ఢిల్లీలకు ఎగిరేవి. దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు మిగతా సంస్థలు తలుపులు మూస్తే ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాదు సంస్థే. ఆ పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం ఉన్నట్టు నేను చూడలేదు.

1948లో ఈ గాలి రేవు ఇంకో పనికి వచ్చింది. చుట్టూ భారత ప్రభుత్వం దిగ్బంధం పెట్టినప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి బీదర్ వంటి చోట్ల దింపాడు. నేల దారులన్నీ మూసినా గాలి దారి తెరిచే ఉంటుందని పాలకులకు అర్థమైన సందర్భం అది. సెప్టెంబరులో సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో ఆ అధ్యాయం ముగిసింది. 1953 జాతీయీకరణలో డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన రేవుకు సొంత ఓడలున్న రోజులు అంతటితో అయిపోయాయి. ఆ తర్వాత విజయవాడ కేంద్రంగా 2013లో వచ్చిన ఎయిర్ కోస్టా, హైదరాబాదు కేంద్రంగా 2015లో వచ్చిన ట్రూజెట్, రెండూ పదేళ్లు కూడా నిలవలేదు.

జాతీయీకరణ తర్వాతి మూడు దశాబ్దాల బేగంపేట గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మంత్రులు, సినిమావాళ్లు, కొద్దిమంది వ్యాపారులు. ఆ మూడు దశాబ్దాల్లో అసలు కథ జరుగుతున్నది బేగంపేటలో కాదు, మన బస్టాండ్లలో. 1973 తర్వాత చమురు ధర పెరిగింది, గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేచాయి. బోరు ఎండిన రైతు, మగ్గం ఆగిన నేతగాడు బొంబాయి బస్సెక్కారు. అక్కడ ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు పెట్టి వారాల తరబడి ముసాఫిర్‌ఖానాల్లో పడిగాపులు పడ్డారు. ‘దుబాయి పోయిండు’ అన్న మాటలో దుబాయి, మస్కట్, కువైట్, దమ్మామ్ అన్నీ ఇమిడిపోయాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి ఇంతమంది పోతుంటే, గోదావరి జిల్లాల నుంచి, కడప రాజంపేట వైపు నుంచి ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి పోతుంటే, వాళ్లందరికీ రేవు మాత్రం బొంబాయే. బొంబాయిలో ఖర్చయిన ప్రతి రూపాయీ మన జిల్లాల అప్పు పుస్తకాల్లో వడ్డీతో సహా ఎక్కింది. శంషాబాద్ వచ్చి ఈ ప్రాంతానికి చేసిన అతి పెద్ద మేలు ఏమిటని నన్నడిగితే, గాజు గోడలనూ షాపులనూ పక్కనపెట్టి, ఈ బొంబాయి మజిలీని తీసేయడమే అంటాను.

ఇక శంషాబాద్. మొదట హకీంపేట వైమానిక స్థావరాన్ని అడిగారు, వైమానిక దళం ఇవ్వలేదు. బొంగ్లూరు, నాదర్‌గుల్, శంషాబాద్ మిగిలాయి. జాతీయ రహదారికీ రైలు మార్గానికీ దగ్గరని 1998 డిసెంబరులో శంషాబాద్‌ను ఖాయం చేశారు. దానికి ముందు నెలలోనే వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఒకే ప్రభుత్వం ఒకే ఊపులో తీసుకున్న రెండు నిర్ణయాలవి. ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలన్నారు. 74 శాతం ప్రైవేటు, 26 శాతం రాష్ట్రమూ విమానాశ్రయాల సాధికార సంస్థా చెరి సగం. అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాంలో జూట్ మిల్లుతో వ్యాపారం మొదలుపెట్టిన గ్రంధి మల్లికార్జునరావుగారి జీఎంఆర్ 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థ 11 శాతం తీసుకున్నాయి. 2004 డిసెంబరులో రాయితీ ఒప్పందం, 2005 మార్చిలో శంకుస్థాపన. 2008 మార్చి 14న సోనియా గాంధీ ప్రారంభించారు, 23న విమానాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే బేగంపేట మూసివేతకు వ్యతిరేకంగా ఉద్యోగుల సమ్మె కూడా నడిచింది.

పేరు మీద కూడా చాలా గొడవ జరిగింది. బేగంపేటలో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు, అంతర్జాతీయ టెర్మినల్‌కు రాజీవ్ పేరు ఉండేవి. శంషాబాద్ మొత్తానికి రాజీవ్ పేరొచ్చింది. 2014 నవంబరులో కేంద్రం దేశీయ టెర్మినల్‌కు మళ్లీ ఎన్టీఆర్ పేరు పెడతామంటే తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పేరు కోసం రోజుల తరబడి వాదించిన సభలు ఆ రాయితీ ఒప్పందం గురించి ఎంతసేపు చర్చించాయో సభా పత్రాలు తీసి చూడవచ్చు. నేను ఒప్పందం దగ్గరే కాస్త ఆగుతాను.

అందులో మూడు సంగతులున్నాయి. మొదటిది భూమి: 5,495 ఎకరాలు. రన్‌వేకూ టెర్మినల్‌కూ కావలసింది అందులో కొంతే. మిగిలింది హోటళ్లకు, గిడ్డంగులకు, ప్రత్యేక ఆర్థిక మండలికి. రెండోది ఆదాయంలో ప్రభుత్వ వాటా: స్థూల ఆదాయంలో 4 శాతం, అదీ మొదటి పదేళ్లు కట్టకుండా వాయిదా. ఢిల్లీ ఒప్పందంలో ఈ వాటా 45.99 శాతం, ముంబైలో 38.7 శాతం. పైగా రాష్ట్రం ఇక్కడ రూ.315 కోట్లు వడ్డీ లేని అప్పుగా, రూ.107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది. ఇది వినగానే దోపిడీ అనేవాళ్లున్నారు. నేననను. ఢిల్లీ, ముంబై అప్పటికే జనం కిటకిటలాడుతున్న విమానాశ్రయాలు. శంషాబాద్ అప్పుడు రాళ్లగుట్టలూ చేన్లూ. 2004లో ఖాళీ నేల మీద రెండున్నర వేల కోట్లు పెట్టేవాడికి ఆశ చూపించాలి. ఆ ఆశ అంత ఉండాలా, పదేళ్ల తర్వాత ప్రయాణికులు పెరిగితే ప్రభుత్వ వాటా కూడా పెరిగే మెలిక ఎందుకు పెట్టలేదు అన్నది నా ప్రశ్న. మొదట ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికని కట్టారు. 2023-24లో అక్కడి నుంచి ప్రయాణించినవారు రెండున్నర కోట్లు. ఇప్పుడు సామర్థ్యాన్ని మూడు కోట్ల నలభై లక్షలకు పెంచారు. నాలుగు శాతం మాత్రం నాలుగు శాతమే.

మూడో సంగతి, 150 కిలోమీటర్ల షరతు. పాతికేళ్ల పాటు ఆ దూరం లోపల ఇంకో విమానాశ్రయాన్ని వాణిజ్య సర్వీసులకు తెరవకూడదు. బేగంపేట అందుకే మూతపడింది. దాని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు సార్ గీతలో ‘కట్టేది ఎవరు’ వైపు. విమానాశ్రయానికి రెండు గల్లాలుంటాయి. ఒకదాంట్లో విమానాలు దిగినందుకు, నిలిచినందుకు, ప్రయాణికులు వాడుకున్నందుకు వచ్చే డబ్బు పడుతుంది. రెండోదాంట్లో దుకాణాల అద్దె, పార్కింగ్, ప్రకటనలు, భూమి లీజు. మొదటి గల్లా చాలకపోతే ప్రయాణికుడి మీద యూడీఎఫ్ అనే అభివృద్ధి రుసుము వేయవచ్చు. మరి రెండో గల్లాలో లాభం ఉంటే దాన్ని తీసి మొదటిదాంట్లో వేసి, ప్రయాణికుడి భారం తగ్గించాలా? వద్దా? దేశంలో విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థకూ నిర్వాహకులకూ ఏళ్ల తరబడి నడిచిన తగాదా మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే. రెండు గల్లాలూ ఒకటే అని సంస్థ అంది. వేర్వేరని నిర్వాహకులన్నారు. శంషాబాద్‌లో అంతర్జాతీయ ప్రయాణికుడి మీద ఈ రుసుము 2008లో రూ.1,000 ఉంటే తర్వాత రూ.1,700కు చేరింది. 2014లో సంస్థ లెక్క వేసి అసలు రుసుమే అక్కర్లేదని సున్నా చేసింది. కొన్ని నెలలకు కోర్టు ఉత్తర్వుతో అది తిరిగొచ్చింది. 2016 పౌర విమానయాన విధానం మధ్యేమార్గం చెప్పింది: రెండో గల్లాలో 30 శాతం మాత్రమే ప్రయాణికుడి లెక్కలోకి వస్తుంది.

అంటే ఆ భూమి మీద లేచే హోటలు, ఆఫీసు, గిడ్డంగి ఇచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం ప్రయాణికుడి భారాన్ని తగ్గించదు. ఈ రుసుము తలకింత అని వేసింది. పై తరగతిలో లండన్ పోయే పారిశ్రామికవేత్తా, ఖాయమైన పని లేని ఆజాద్ వీసా మీద షార్జా పోయే మేస్త్రీ అంతర్జాతీయ ప్రయాణికులే కాబట్టి ఆ రూ.1,700 ఇద్దరికీ ఒకటే. మేస్త్రీకి అది అప్పు తెచ్చిన డబ్బు, మూడు రూపాయల వడ్డీకి. గోల్కొండ రోజుల్లో రేవు సుంకం సరుకు విలువ చూసి వేసేవారు. ఇక్కడ విలువ చూడలేదు.

అయితే ఈ మేస్త్రీ కట్టే టికెట్టుతో ఇంకో పని కూడా జరుగుతుంది. అది చాలామంది గమనించరు. ప్రయాణికుల విమానంలో సీట్ల కింద సరుకుల అర ఉంటుంది. ప్రపంచంలో విమానాల్లో పోయే సరుకులో సుమారు సగం ఇలా ప్రయాణికుల కాళ్ల కిందే పోతుంది. హైదరాబాదు నుంచి దుబాయి, దోహాలకు పెద్ద విమానాలు రోజూ ఎగురుతున్నాయంటే దానికి ఆధారం పై అంతస్తులో మనుషులు. కింద అరలో పోయేది మందులు.

మందుల కథ విమానాశ్రయంతో పుట్టలేదు. 1953లో బయలాజికల్ ఇ వచ్చింది, 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వం ఐడీపీఎల్ పెట్టింది. ఆ ఫ్యాక్టరీ నష్టాల్లో మునిగిందని చెప్పుకుంటాం గాని అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లే హైదరాబాదు ఔషధ పరిశ్రమను నిలబెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డిగారు వాళ్లలో ఒకరు. 1993లో శాంతా బయోటెక్నిక్స్, 1990ల చివర్లో జీనోమ్ వ్యాలీ. ప్రభుత్వం పెట్టిన పాఠశాల నుంచి ప్రైవేటు పరిశ్రమ పుట్టింది. విమానాశ్రయం చేసిందల్లా ఆ సరుకుకు తలుపు తెరవడం. చాలా టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మన ఏప్రిల్ ఎండలో గిడ్డంగి నుంచి విమానం దాకా ఉండే ఆ కాస్త దూరం వాటికి ప్రాణగండం. అందుకే శంషాబాద్‌లో మందులకు విడిగా చల్లని గదులు కట్టారు, విమానం దాకా తీసుకెళ్లే బండ్లను కూడా చల్లబరిచారు. 2021 మే 1న రష్యా నుంచి స్పుత్నిక్ టీకా తొలి విడత లక్షన్నర డోసులు ఇక్కడే దిగాయి. జూన్ 1న 56.6 టన్నులు ఒకే విమానంలో వచ్చాయి. 

గొప్పలు చెప్పుకునేటప్పుడు ఒక మాట మరువకూడదు. బరువు లెక్కన చూస్తే మన మందుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ కంటైనర్లలో ముంబై దగ్గర నవా షేవా రేవుకే పోయి ఓడ ఎక్కుతుంది. ఖరీదైనవి, తొందరవి, చల్లగా ఉండాల్సినవి మాత్రమే గాలిలో పోతాయి. గాలి రేవు సముద్రపు రేవుకు తోడే గాని, దాని పని మొత్తం తీసుకోలేదు.

కింది అరలో ఇంకొకటి కూడా వస్తుంది. ఈ సభలో ఆ మాట ఎత్తకుండా పోలేను. గల్ఫ్‌లో చనిపోయిన మనిషి సరుకుగా తిరిగొస్తాడు. ప్రయాణికుల గేటు నుంచి కాదు, కార్గో గేటు నుంచి. బరువు తూచి, ఎయిర్‌వే బిల్లు రాసి, మృతదేహానికి రసాయనాలు ఎక్కించినట్టు ధ్రువపత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, మన రాయబార కార్యాలయం అనుమతి జతచేసి పంపుతారు. నివాస అనుమతి ఆకామా గడువు తీరి, కాగితాలు లేక కల్లివల్లిగా తిరిగినవాడైతే ఆ కాగితాలకే నెలలు పడతాయి. కార్గో గేటు నుంచి ఊరిదాకా ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తోంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు రూ.5 లక్షలు ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఇవి రావడానికి ఈ జిల్లాల సంఘాలు ఎన్నేళ్లు తిరిగాయో ఇక్కడ చాలామందికి తెలుసు. విమానాశ్రయం ఆర్థిక ప్రభావం మీద వేసే నివేదికల్లో ఉద్యోగాలుంటాయి, టన్నులుంటాయి, జీడీపీలో వాటా ఉంటుంది. ఈ పెట్టెలకు గడి ఉండదు.

సాఫ్ట్‌వేర్, అమెరికా చదువుల గురించి మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ, త్వరగా ముగిస్తాను. శంషాబాద్ తెరిచిన 2008లోనే అక్టోబరులో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకుంది. వీసా ఇంటర్వ్యూకు చెన్నై పోయే పని తప్పింది. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3.31 లక్షలకు పైగా ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లు ఎంత పెద్ద వంతో అక్కడి ఏ యూనివర్సిటీ పట్టణానికి వెళ్లినా కనిపిస్తుంది. ఇంత రద్దీ ఉన్నా ఆ దేశానికి ఇక్కడి నుంచి నేరుగా ఎగిరిన తొలి విమానం 2021 జనవరిలో షికాగోకు ఎయిర్ ఇండియా నడిపినది. అదీ నిలవలేదు. మనవాళ్లు దుబాయిలోనో దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దిగి మారుతారు. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడి టికెట్టులో పెద్ద భాగం ఆ ఊళ్ల ఖజానాకు పోతుంది. మళ్లీ అదే కథ: రేవు మనది, ఓడలు పరాయివి.

విమానాశ్రయం ఆవరణలో విమానాలకు మరమ్మతు చేసే కేంద్రాలు వచ్చాయి, ఇంజిన్ల మరమ్మతుకు ఫ్రాన్సు సంస్థ సఫ్రాన్ వచ్చింది. కొంత దూరంలో ఆదిబట్లలో టాటాలు సైనిక రవాణా విమానాల తోకభాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారు చేస్తున్నారు. ఈ పనుల గురించి నాకు ఆశ ఉంది. మరమ్మతుల మీద జీఎస్టీ 18 శాతం ఉన్నంతకాలం మన విమానాలు సింగపూర్, దుబాయి, శ్రీలంకలకు పోయి మరమ్మతు చేయించుకునేవి. 2020లో దాన్ని 5 శాతానికి తగ్గించాకే ఈ పనికి ఊపిరి వచ్చింది. ఐటీఐ చదివిన కుర్రవాడికి కూలీ వీసా అవసరం లేకుండా విమానం పక్కన పని దొరికేది ఇక్కడే. కాకపోతే అలాంటి పని నేర్పగల ఐటీఐలు మన జిల్లాల్లో ఎన్ని?

ఇక ‘దక్కేది ఎవరికి’ అన్న వైపు, భూమి. విమానాశ్రయం వల్ల ఈ ప్రాంతంలో ఎక్కువ లాభపడ్డది మందులా, సాఫ్ట్‌వేరా అని పత్రికల్లో వాదోపవాదాలు చదువుతుంటాను. నా అంచనా అడిగితే రెండూ కాదు, భూమి. శంషాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. పట్టణం మీదికొచ్చాక పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ముందు తెరిచిన ముక్క ఏది? 2008 నవంబరులో, గచ్చిబౌలి నుంచి శంషాబాద్. మెహదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే 2009లో వచ్చింది. ప్రభుత్వం ఖర్చుతో పడిన ఈ రోడ్లు ఎవరి చేను పక్కనుంచి పోతే వాడి పంట పండింది. రింగ్ రోడ్డు ఎటు తిరగాలన్న దాని మీద అందుకే అంత రాద్ధాంతం జరిగింది. విచిత్రం చూడండి. విమానాశ్రయం కోసం భూమి ఇచ్చిన రైతుకు ఒకసారి పరిహారం. కంచెకు అవతల భూమి మిగిలిన రైతుకు, అతని దగ్గర ముందే కొన్న వ్యాపారికి ఏటా పెరిగే ధర. ఇచ్చినవాడు నష్టపోయాడు, ఇవ్వనివాడు గెలిచాడు. పక్కనే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ కాపాడాలని 1996లో తెచ్చిన 111 జీవో కింద 84 ఊళ్లలో కట్టడాలకు ఆంక్షలు వచ్చాయి. వాటిలో చాలా ఊళ్లు శంషాబాద్ మండలానివే. రెండు ఊళ్ల మధ్య చేను గట్టు దాటితే ధర మారిపోయే నేల అది. ఆంక్షలు ఎత్తేయాలన్న ఒత్తిడి ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు.

భూమి విలువ పెరగడం తప్పు కాదు. ప్రజల డబ్బుతో పెరిగిన విలువలో ప్రజల వాటా ఏదీ అని అడగకపోవడం తప్పు. 2015లో కొత్త ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి మొదట 15 వేల ఎకరాలు అనుకున్నారు. రైతులు రోడ్డెక్కితే అది రెండు వేల పైచిలుకుకు దిగింది. అంటే మిగతా దాదాపు పదమూడు వేల ఎకరాలు విమానాలకు అవసరమై అడిగినవి కావన్నమాట. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయాన్ని కట్టింది కూడా జీఎంఆరే. శంషాబాద్ అనుభవం సంస్థకు ఎంత పనికొచ్చిందో, భోగాపురం రైతుకూ అంతే పనికొచ్చింది.

ఇప్పుడు మామునూరు. నిజాం కట్టించిన ఆ విమానాశ్రయంలో 1981 దాకా విమానాలు దిగాయి. తర్వాత గడ్డి మొలిచింది. శంషాబాద్ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల గీత సరిగ్గా దాని మెడ మీద పడింది. వరంగల్ వాళ్లు ఎన్ని వినతులిచ్చినా, ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలో రాసినా, కదలాలంటే శంషాబాద్ నిర్వాహకులు సరేననాలి. 2025లో వాళ్లు సరేనన్నాక ఫిబ్రవరి నెలాఖరులో కేంద్రం అనుమతి వచ్చింది. రాష్ట్ర రాజధాని రేవు కోసం రాష్ట్రంలో రెండో పెద్ద నగరం పదిహేడేళ్లు ఆగింది. దాన్ని నష్టం లెక్కలో ఎవరు రాసుకున్నారు?

విమానాశ్రయం వస్తే ఊరు దానంతటదే పైకొస్తుందని నేను నమ్మను. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం తెరిచారు. రోజంతా ఎన్ని విమానాలు దిగుతాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. శంషాబాద్‌కు ముందే మందులున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది, గల్ఫ్ ఉంది. రేవు తర్వాత వచ్చింది. మామునూరుకు ఏమున్నాయో ఇప్పుడే చూసుకోవాలి. గీసుకొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు ఉంది, కానీ బట్ట ఓడలోనే పోతుంది. ఎన్ఐటీ ఉంది, ఆసుపత్రులున్నాయి, రామప్ప చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు. గల్ఫ్ పోయేవాళ్లు ఉన్నారు, కానీ చిన్న విమానాల రన్‌వే నుంచి వాళ్లకు మళ్లీ ఎక్కడో ఒకచోట మజిలీ తప్పదు. లెక్క వేయకుండా పెద్ద రన్‌వే అడగడం, భూమి అడగడం ఒకటే అవుతుంది.

మామునూరులో అదనంగా 253 ఎకరాలు సేకరించడానికి 2024 నవంబరులో రాష్ట్రం రూ.205 కోట్లు కేటాయించింది. ఆ ఎకరాల రైతులతో బేరం సాగినప్పుడు ధర ఒక్కటే మాట్లాడారు. కంచె పక్కన పెరగబోయే విలువలో వాటా గురించి, రాబోయే దుకాణాల్లో, పార్కింగులో ఆ ఊళ్లవాళ్లకు హక్కు గురించి, రెండో గల్లా ఎవరిదన్న దాని గురించి కాగితం మీద ఒక్క మాట లేదు. ఈ సభలో వరంగల్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారని తెలుసు. ఆ మాటలు కాగితం మీద పెట్టించవలసింది మీరు. శంషాబాద్ ఒప్పందం ప్రతి నా దగ్గరుంది, కావలసినవాళ్లు తీసుకోండి. ప్రశ్నలకు అరగంట ఉంచమన్నారు నిర్వాహకులు, ఇక ఆపుతాను.